ఇసుకలో దిగబడ్డ మిలిటరీ ట్రక్కు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే సంగతి మీద వచ్చాయి. అమెరికా సైన్యం వాడి, వేలంలో అమ్మేసిన పెద్ద ట్రక్కులను కొనుక్కుని, సెలవు రోజుల్లో సముద్రపు ఒడ్డుకు తోలుకెళ్తున్న తెలుగువాళ్లు టెక్సస్, నార్త్ కరొలైనాల నుంచి రాశారు. మన తీరం నుంచీ ఒక ఉత్తరం ఉంది. ఒకేలాంటి ప్రశ్నలను కలిపేశాం. టైరు గాలిని పీఎస్‌ఐలోనే (చదరపు అంగుళానికి పౌండ్లు) చెప్పాం, అక్కడి మీటర్ల మీద ఉండేది అదే కాబట్టి.

ప్రశ్న: సైన్యం వాడిన పాత ఎం35ఏ2 ట్రక్కు కొన్నాను. పది టైర్లు, మూడు ఇరుసులకూ డ్రైవు. బొలివర్ ద్వీపకల్పంలో పొడి ఇసుక మీద వంద గజాలు పోకుండానే ముందు చక్రాలు ఇరుసు దాకా దిగబడ్డాయి. వెనక టైర్లలో గాలి సగానికి తీశాను కూడా. పక్కనుంచి చిన్న పికప్పులు హాయిగా వెళ్లిపోయాయి. లోపం ఎక్కడ? (కేటీ, టెక్సస్)

జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. గాలి తీసింది వెనక, దిగబడింది ముందు.

ఖాళీ ఎం35ఏ2 బరువు సుమారు 6 టన్నులు. అందులో సగానికి కాస్త తక్కువ ముందు ఇరుసు మీద పడుతుంది. దాన్ని మోసేవి రెండే టైర్లు. మిగతా బరువును వెనక ఎనిమిది టైర్లు పంచుకుంటాయి. లెక్క వేస్తే ముందు ఒక్కో టైరు మీద 1,300 కిలోల పైమాట, వెనక ఒక్కోదాని మీద 400 కిలోలు. వెనక ఎన్ని టైర్లున్నా ముందువాటికి ఒరిగేదేమీ లేదు.

టైరు నేలను అదిమే ఒత్తిడి దాదాపు లోపలి గాలి ఒత్తిడంతే ఉంటుంది. పక్కగోడల బిగువు దానికి కొంత కలుస్తుంది. 50 పీఎస్‌ఐ అంటే చదరపు సెంటీమీటరుకు 3.5 కిలోలు. ఆ గాలితో 1,350 కిలోలు మోసే టైరు నేలకు ఆనే చోటు 385 చదరపు సెంటీమీటర్లు మాత్రమే. 25కి దింపితే అది 770 అవుతుంది. మనిషి ఇసుకలో నిలబడితే పాదం అదిమేది అర కిలో కూడా ఉండదు. పికప్పు మీకంటే తేలిక, దాని టైర్లలో గాలి బహుశా 20 దాకా దించి ఉంటారు. అది మిమ్మల్ని దాటిపోవడంలో వింతేమీ లేదు. గాలి తీస్తే టైరు అడ్డంగా ఉబ్బుతుందని చాలామంది అనుకుంటారు. ఉబ్బేది కొద్దిగానే. అసలు లాభం ఆనే చోటు పొడవుగా సాగడంలో ఉంది. పొడుగ్గా ఆనిన టైరు తన ముందున్న ఇసుకను గుట్టగా తొయ్యదు, మీదికెక్కి అణిచేస్తుంది.

రెండో సంగతి జంట టైర్లు. ముందు టైరు తొక్కిన గాడి, వెనక జంట మధ్య సందుకు సూటిగా వస్తుంది. అంటే వెనక టైర్లు అణిగిన ఇసుక మీద నడవవు, గాడి రెండు అంచులనూ మళ్లీ కొత్తగా తొక్కుతాయి. ఇంజిను శక్తి అక్కడ తినుకుపోతుంది. ఇసుక ర్యాంపుల్లో మన లారీ డ్రైవర్లు ముందు బండి వేసిన జాడ వదలకుండా పోతారు చూడండి, దాని వెనకున్న సూత్రం ఇదే. మీ బండి తన జాడను తానే వదిలేస్తోంది. అందుకే ఇసుకలో నడిపేవాళ్లు జంట తీసేసి వెనక కూడా ఒంటి టైర్లు, 11.00-20 సైజువి గానీ 395/85ఆర్20 సైజువి గానీ వేస్తారు. వెనక హబ్బులను తిప్పి బిగిస్తే ముందు, వెనక జాడలు ఒకే గీత మీదికి వస్తాయి. 1990లలో సైన్యం ఇదే బండిని ఎం35ఏ3గా మార్చినప్పుడు కూడా ఒంటి టైర్లే వేసింది. అయితే ఏ2లో పవర్ స్టీరింగు లేదు. వెడల్పు టైర్లలో గాలి తీసి స్టీరింగు తిప్పితే భుజాలు పడిపోతాయి. స్టీరింగు చక్రం కడ్డీల మధ్యకు బొటనవేళ్లు దూర్చకండి, గాడిలో చక్రం తన్నితే విరిగేది ఆ వేళ్లే.

మూడోది ట్రాన్స్‌ఫర్ కేస్, అంటే ఇంజిను శక్తిని ముందు, వెనక ఇరుసులకు పంచే గేర్ల పెట్టె. చాలా ఏ2లలో ముందు ఇరుసుకు డ్రైవు దానంతటదే అందుతుంది. స్ప్రాగ్ అనే క్లచ్చు ఆ పని చేస్తుంది. వెనక చక్రాలు కొంచెం జారి, ముందువాటికంటే వేగంగా తిరిగితేనే అది పట్టుకుంటుంది. రోడ్డు మీద ఇది సుఖమే. ఇసుకలో మాత్రం వెనక చక్రాలు జారే ఆ కాస్త సేపట్లోనే గుంట మొదలవుతుంది. పైగా ముందు టైర్ల చుట్టుకొలత తగ్గితే స్ప్రాగ్ ఇంకా ఆలస్యంగా పట్టుకుంటుంది. పెరిగితే రోడ్డు మీద కూడా పట్టుకునే ఉండి గేర్లను బిగదీస్తుంది. కాబట్టి ముందు, వెనక ఒకే సైజు, ఒకే అరుగుదల ఉన్న టైర్లు ఉండాలి. రివర్సులో దీనికి వేరే పట్టు ఉంది, అది గేరు లీవరుకు కలిపిన కడ్డీతో మారుతుంది. కడ్డీ సర్దుబాటు తప్పితే వెనక్కి తీసేటప్పుడు ముందు చక్రాలు ఊరికే ఉంటాయి. బీచికి పోకముందే ముందు ఇరుసు జాకీ మీద లేపి రెండు దిక్కులా పరీక్షించుకోండి. క్యాబిన్‌లో మీటనొక్కి గాలితో ముందు ఇరుసును కలిపే రకం ట్రాన్స్‌ఫర్ కేసు కూడా ఉంది. ఇసుకకు అదే మేలు, ఇసుకలోకి దిగకముందే కలిపేయొచ్చు.

ఇంకొకటి. ఇరుసు మధ్యలో ఉండి రెండు పక్కల చక్రాలకు శక్తిని పంచే గేర్ల ఉండను డిఫరెన్షియల్ అంటారు. మూడు ఇరుసుల డిఫరెన్షియళ్లలో లాకులు లేవు. ఆరు చక్రాలకూ డ్రైవు అన్నది కాగితం మీద మాట. ఒక్కో ఇరుసుకు ఒక్కో చక్రం జారడం మొదలైతే మూడే తిరుగుతాయి, బండి మిగిలిన మూడింటి మీద కూర్చుంటుంది.

ప్రశ్న: అయితే గాలి ఎంత దాకా తీయొచ్చు? మళ్లీ కొట్టుకోవడం ఎలా? (షుగర్‌ల్యాండ్, టెక్సస్)

ట్యూబు, లాకు రింగు (టైరును రిమ్ము మీద పట్టి ఉంచే ఇనుప రింగు) ఉన్న పాత 9.00-20 సైజు టైర్లయితే 25 దగ్గర ఆగండి. దిగబడినప్పుడు బయటపడడానికి 20 దాకా దించొచ్చు, అది నడక వేగంలో, స్టీరింగు కొస దాకా తిప్పకుండా. ఇంకా తగ్గిస్తే రిమ్ము లోపల తిరుగుతుంది, టైరు ఆగిపోతుంది, రెంటి మధ్య ట్యూబు నలిగి వాల్వు మెడ దగ్గర తెగుతుంది. టైరు మీదా రిమ్ము మీదా కలిసేలా సుద్దతో గానీ పెయింటుతో గానీ ఒక గీత గీయండి. అరగంటకోసారి దిగి చూడండి. గీత రెండు ముక్కలై పక్కకు జరిగిందంటే గాలి మరీ తక్కువైంది.

మళ్లీ కొట్టేటప్పుడే అసలు ప్రమాదం. రింగు ఎగిరితే ఏమవుతుందో మన పంక్చరు షాపుల వాళ్లను అడిగితే చెబుతారు. అమెరికాలో పనిచోట్లకు వర్తించే భద్రతా నియమం ప్రకారం, రింగు ఉన్న చక్రాన్ని నిర్ణీత ఒత్తిడిలో 80 శాతానికో అంతకంటే తక్కువకో దింపి నడిపితే, గాలంతా తీసి, విప్పి, పరీక్షించి, బోనులో పెట్టి గాలి కొట్టాలి. మీరు 50ని 25కి దించితే సగమే మిగిలింది. అంటే ఏ టైరు షాపూ ఆ చక్రాన్ని బండి మీదుండగా ముట్టుకోదు, ముట్టుకోకూడదు కూడా. ఒడ్డున మీరే చేసుకోక తప్పదనుకుంటే వాల్వుకు క్లిప్పుతో అతుక్కునే గొట్టం, కనీసం 3 మీటర్ల పైపు, చేతి దగ్గర మీటరు పెట్టుకుని, చక్రానికి ఎదురుగా కాకుండా టైరు నడకకు సూటిగా ముందో వెనకో నిలబడండి. రింగు గాడిలో సమంగా కూర్చోకపోతే సుత్తితో కొట్టకండి, గాలి తీసేయండి. తరచూ ఇసుకలోకి పోయేవాళ్లు ఈ చక్రాలతో సతమతమవడం కంటే, రెండు ముక్కలను బోల్టులతో బిగించే ట్యూబులెస్ రిమ్ములకు డబ్బు పెట్టడం మేలని మా అభిప్రాయం. వాటి బోల్టులను మాత్రం గాలి పూర్తిగా తీయకుండా ఎన్నడూ వదులు చేయొద్దు.

ఎంతసేపు పడుతుందో చెప్తాం. ఒక 9.00-20 టైరు లోపల సుమారు 110 లీటర్ల చోటుంటుంది. 25 పీఎస్‌ఐ పెంచాలంటే దాదాపు 190 లీటర్ల మామూలు గాలి కావాలి. పది టైర్లకు 1,900 లీటర్లు. ఇంజిను కంప్రెసరు నిమిషానికి 200 లీటర్లు తోసినా కాగితం మీద పది నిమిషాలు. సన్న పైపు, మధ్యలో ట్యాంకు కోలుకునే దాకా ఆగడం, టైరు నుంచి టైరుకు తిరగడం కలిపితే ముప్పావుగంట అనుకోండి. వెనకనున్న ట్రెయిలరు గాలి కనెక్షనుకు పైపు తగిలించొచ్చు. బ్రేకు ట్యాంకు ఒత్తిడి పడిపోతే ఆగి నిండనివ్వండి, బండి మాత్రం కదపొద్దు.

ప్రశ్న: ఎం35ఏ2తో కేప్ హాటరస్ బీచికి వెళ్లాలని ఉంది. పర్మిట్ తీసుకుంటే చాలా? (రాలీ, నార్త్ కరొలైనా)

చాలదు, అసలు వెళ్లనివ్వరు. కేప్ హాటరస్ జాతీయ తీరంలో 2012 నుంచి బీచి మీద బండి నడపడానికి పర్మిట్ ఉండాలి. నియమాల్లో రెండు మీకు అడ్డు. బండికి రెండు ఇరుసులకు మించి ఉండకూడదు, మీ దానికి మూడు. టైర్లకు రవాణా శాఖ ఆమోదం, అంటే పక్కగోడ మీద డాట్ ముద్ర ఉండాలి. సైన్యపు టైర్లలో అది లేనివి ఉంటాయి. గాలి తక్కువ ఒత్తిడి చూపే మీటరు, పార, జాకీ, జాకీ కింద చెక్క బండిలో లేకపోయినా తప్పే.

రెండిరుసుల ఎం1078 రకం ట్రక్కు అయితే ఇరుసుల లెక్క సరిపోతుంది, టైరు ముద్ర చూసుకోండి. ఉత్తరాన అసటీగ్ దీవి మీద ఆశ పెట్టుకోకండి. అక్కడ బండి మొత్తం బరువుకు 10,000 పౌండ్ల హద్దు ఉంది, ఈ ట్రక్కులేవీ అందులోకి రావు.

ప్రశ్న: నాది ఎం923ఏ2 ట్రక్కు. క్యాబిన్‌లో నొక్కితే టైర్లలో గాలి అదే ఎక్కి దిగుతుంది. ఏ మీట ఎప్పుడు వాడాలి? ఈ మధ్య ఆ మీటల లైట్లు ఆగకుండా వెలిగి ఆరుతున్నాయి. (ఆస్టిన్, టెక్సస్)

మీ 14.00ఆర్20 టైర్లకు నాలుగు స్థాయిలున్నాయి. రోడ్డుకు సుమారు 60, మట్టిదారులకు 35, ఇసుకకు 25, దిగబడినప్పుడు అత్యవసరానికి 12. ఇసుక స్థాయిలో వేగం హద్దు దాటితే హెచ్చరిక లైటు వెలుగుతుంది, అలాగే పోనిస్తే వ్యవస్థ తనంతట తానే పై స్థాయికి గాలి ఎక్కిస్తుంది. అత్యవసర స్థాయి బయటికి రావడానికే. పది టన్నుల బండితో ఆ గాలి మీద ఊరేగితే పక్కగోడ తాళ్లు వేడెక్కి తెగుతాయి.

ఎక్కడం కంటే దిగడం త్వరగా అవుతుంది. అందుకే బీచి మొదట్లో గట్టి నేల మీద, ఇంకా దిగబడకముందే దించుకోండి. దిగబడ్డాక 12కి దించితే టైరు గుంటలోనే చదునవుతుంది, ముందున్న ఇసుక గోడ అలాగే ఉంటుంది. పార పని తప్పదు.

లైట్లు ఆరి వెలగడమంటే అడిగిన ఒత్తిడికి చేరలేకపోతున్నానని అది చెప్తున్నట్టు. మొదట బ్రేకు ట్యాంకులు చూడండి. బ్రేకులకు సరిపడా గాలి నిండాకనే టైర్లకు వదిలే ఏర్పాటు ఇందులో ఉంది, కంప్రెసరు అలసిపోతే టైర్లకు వంతు రాదు. అది బాగుంటే లీకు. ఇంజిను ఆపి, చక్రం చక్రం దగ్గరికి వెళ్లి వినండి. తర్వాత హబ్బు నుంచి వాల్వు దాకా పోయే గొట్టం మీద, వాల్వు మూతి మీద సబ్బు నీళ్లు పోయండి. ఇసుకలో ఎక్కువగా పోయేవి మూడు: కంపకో రాయికో తగిలి చిల్లుపడ్డ గొట్టం, వాల్వులో ఇరుక్కున్న ఇసుక రేణువు, హబ్బు లోపలి గాలి సీలు. మొదటి రెండూ పది నిమిషాల పని. మూడోది హబ్బు విప్పాల్సిందే. అప్పటిదాకా ఆ చక్రం వాల్వును మూసి మిగతావాటిని నడిపించుకోవచ్చు.

టైరు గాలిని డ్రైవరు సీట్లోంచే మార్చే ఏర్పాటు కొత్తదనుకోకండి. రెండో ప్రపంచ యుద్ధంలో నీటి మీదా నేల మీదా నడిచిన డక్ ట్రక్కుకు అది ఉంది. ఓడ నుంచి సరుకు తెచ్చి బీచి మీదుగా ఎక్కాలి కదా, మరో దారి లేదు.

ప్రశ్న: పాడ్రే ఐలండ్ జాతీయ తీరంలో చివరిదాకా, 60 మైళ్లు వెళ్లాలని నలుగురం అనుకుంటున్నాం. రెండు ఎం35లు. ఎలా నడపాలి? (శాన్ ఆంటోనియో, టెక్సస్)

రోడ్డు అయిపోయాక మొదటి ఐదు మైళ్లు మామూలు కార్లు కూడా పోతాయి. ఆ తర్వాత నాలుగు చక్రాల డ్రైవు ఉన్న బండ్లకే దారి, మాన్స్‌ఫీల్డ్ కాలువ దాకా. మధ్యలో లిటిల్ షెల్, బిగ్ షెల్ అనే చోట్ల ఒడ్డంతా గవ్వపెంకుల పొడి. అది మామూలు ఇసుకలా అణగదు, చక్రం కింద బియ్యం బస్తాలో కాలు పెట్టినట్టు జారుతుంది. మీ బండ్లకు పరీక్ష అక్కడే.

ఇసుకలోకి దిగకముందే లో రేంజి (వేగం తగ్గించి లాగే బలం పెంచే గేర్లు) వేయండి. మూడో గేరులోనో నాలుగులోనో బయల్దేరి, 1,800 నుంచి 2,200 ఆర్‌పీఎం మధ్య ఉంచండి. మెత్తని చోట గేరు మార్చొద్దు. క్లచ్చు తొక్కిన ఆ ఒక్క క్షణం చాలు, బండి నిలిచిపోతుంది. గేరు తగ్గించాలనిపిస్తే గట్టి చోట ముందే తగ్గించుకోండి. వేగం కంటే ఒకే తీరుగా పోవడం ముఖ్యం. ఆపాలంటే బ్రేకు తొక్కకండి, యాక్సిలరేటరు వదిలేస్తే చాలు. బ్రేకు వేస్తే ప్రతి చక్రం ముందూ ఇసుక కట్ట కట్టుకుంటుంది, మళ్లీ కదిలేటప్పుడు దాన్ని ఎక్కాలి. వీలైతే ముక్కు పల్లానికి ఉండేలా ఆపండి. కదిలేముందు తన జాడలోనే ఒక మీటరు వెనక్కి వచ్చి, ఆ అణిగిన ఇసుక మీద ఊపు తీసుకుని ముందుకు పోండి. మలుపు తిరగాలంటే పెద్ద చుట్టు తిరగండి.

దారి ఎక్కడ? చివరి పోటు తడిపి వదిలిన చోటు, ఇంకా తేమ ఆరని పట్టీ. పైన పొడి ఇసుక మెత్తన, కింద అల తాకే చోటు గట్టిగా కనిపిస్తుంది గానీ నీటితో నిండి ఉంటుంది. అక్కడ బండి ఆపితే వెనక్కి పోయే ప్రతి అలా టైరు కింద ఇసుకను కొంచెం కొంచెం తోడేస్తుంది, పది నిమిషాల్లో రిమ్ము దాకా దిగుతుంది. తెల్లవారుజామున తేమ ఉన్నప్పుడు వెళ్లండి. మెక్సికో గల్ఫులో ఆటుపోట్ల తేడా తక్కువే అయినా, ఆగ్నేయపు గాలి గట్టిగా కొడితే నీరు గుట్టల అంచు దాకా వస్తుంది. ఇసుక గుట్టల మీదికి ఎక్కించడం నిషేధం, దిగబడినా అటు మళ్లొద్దు.

ఏప్రిల్ నుంచి జూలై నడుమ కెంప్స్ రిడ్లీ తాబేళ్లు అక్కడ గుడ్లు పెడతాయి, అదీ పగలే. ఎం35 క్యాబిన్‌లోంచి బానెట్టు ముందు ఏముందో కనపడదు. ఆ నెలల్లో వెళ్తే పక్క సీట్లో కూర్చున్నవాళ్ల పని నేల చూడడమే. ఈ ప్రయాణం ఆ నెలల్లో పెట్టుకోకపోవడమే మంచిది.

డీజిలు లెక్క: రోడ్డు మీద గాలనుకు 8 నుంచి 10 మైళ్లిచ్చే బండి మెత్తని ఇసుకలో 4 ఇస్తే అదృష్టం. రానూ పోనూ 120 మైళ్లకు 30 గాలన్లు, ట్యాంకు 50. కార్పస్ క్రిస్టీలో నింపుకుని, విడిగా రెండు డబ్బాలు పెట్టుకోండి. లోపల బంకులు లేవు. ఎదురుగాలి లేకుండా, వెనక నుంచి గాలి కొట్టేటప్పుడు రేడియేటరు వేడెక్కుతుంది. అప్పుడు ఇంజిను ఆపకుండా, ముక్కును గాలి వైపు తిప్పి న్యూట్రల్‌లో 1,000 ఆర్‌పీఎం దగ్గర ఐదు నిమిషాలు ఉంచండి.

ప్రశ్న: ముందు వించి (ఇనుప తాడు చుట్టుకుని లాగే యంత్రం) ఉన్న ఎం35ఏ2 నాది. దిగబడినప్పుడు లాగితే ప్రతిసారీ షియర్ పిన్ను తెగుతోంది. గట్టి స్టీలు బోల్టు వేస్తే? (డాలస్)

వేయకండి. ఆ పిన్ను తెగేందుకే ఉంది. అది తెగకపోతే వించి గేరు పెట్టెలో పళ్లు పోతాయి, లేదా ఇనుప తాడు తెగి కొరడాలా వెనక్కి కొడుతుంది. పిన్ను తెగుతున్నదంటే వించికి మించిన పని పెడుతున్నారు.

అమెరికా సైన్యం వాడే కొండగుర్తు ఇలా ఉంటుంది. చక్రాల లోతు దిగబడితే లాగడానికి బండి బరువంత బలం కావాలి. ఫెండర్ల దాకా అయితే రెండింతలు, క్యాబిన్ దాకా అయితే మూడింతలు. మీ బండి 6 టన్నులు, వించి బలం 10,000 పౌండ్లు, అంటే 4.5 టన్నులు. అదీ డ్రమ్ము మీద ఆఖరి వరస తాడు మిగిలినప్పుడే. పై వరసల మీద బలం ఇంకా తగ్గుతుంది. చక్రాల లోతుకే చాలదు. కాబట్టి తాడు దాదాపు అంతా విప్పి, దూరంగా ఉన్న ఆధారానికి కప్పీ తగిలించి, తాడు కొసను తిరిగి బండికే కట్టండి. బలం రెండింతలవుతుంది, ఒరుపు పోను 8 టన్నుల దాకా వస్తుంది.

వించి ముట్టుకోకముందు పార పట్టుకోండి. మనుషులను, సామాను దించండి. గాలి 20కి దించండి. ప్రతి టైరు ముందూ వెనకా ఒక మీటరు పొడవున వాలు తవ్వండి, గుంట కాదు. ఇరుసు కింద, డిఫరెన్షియల్ ఉండ కింద ఇసుక తగలకుండా తీసేయండి. బండి దాని మీద కూర్చుని ఉంటే ఎంత లాగినా దండగ. వచ్చిన జాడలోనే వెనక్కి తీసే వీలుంటే అదే చేయండి, ఆ ఇసుక ఇప్పటికే అణిగి ఉంది. తవ్వడం అరగంట పని, పిన్ను తెగిన ప్రతిసారీ పోయేదీ అంతే.

బీచి మీద చెట్టుండదు, ఆధారం మీరే పాతాలి. స్టెప్నీనో, మనిషంత పొడవు దుంగనో లాగే దిక్కుకు అడ్డంగా, మీటరున్నర లోతున పాతి, తాడు పోయే వాలు గాడి తవ్వి, పైన ఇసుక తొక్కేయండి. ఇంకో ట్రక్కు ఉంటే దాన్నే గట్టి నేల మీద నిలబెట్టడం సులువు. తాడు మధ్యలో పాత కోటో గోనెసంచో వేయండి, తెగినా పైకి లేవకుండా. తాడు పొడవు మేర ఎవరూ దగ్గర ఉండొద్దు. బండికి బండి కట్టేటప్పుడు గొలుసు వేసి ఊపుతో గుంజడం మానండి.

ప్రశ్న: బీచి నుంచి వచ్చిన రెండు వారాలకు బ్రేకు పెడలు నేలకు పోయింది. అదృష్టవశాత్తూ ఇంటి ముందే. కారణం ఉప్పేనా? (హ్యూస్టన్)

చాలావరకు అదే. ఎం35ఏ2లో గాలి సాయంతో పనిచేసే హైడ్రాలిక్ బ్రేకులుంటాయి, మాస్టర్ సిలిండరు నుంచి ఆరు చక్రాలకూ ఒకటే వ్యవస్థ. ఎక్కడ ఒక్క గొట్టం తుప్పు పట్టి చిల్లు పడినా మొత్తం బ్రేకులు పోతాయి. ఇసుకలోకి పోయే బండికి ఛాసిస్ వెంట ఉన్న బ్రేకు గొట్టాలన్నీ ఒకసారి కొత్తవి, రాగి నికెల్ రకానివి వేసుకుంటే నిశ్చింత. ముందు ఇరుసుకు, వెనక ఇరుసులకు వేరువేరుగా పంపే మాస్టర్ సిలిండరు మార్పిడి చేసుకునేవాళ్లూ ఉన్నారు, అది డబ్బు దండగ కాదు. 1980ల నుంచి సైన్యం సిలికాన్ బ్రేకు ఆయిలు వాడింది. పెట్రోలు బంకులో దొరికే మామూలు డాట్ 3 బ్రేకు ఆయిలు దానితో కలపకండి.

వచ్చిన రోజే మంచినీళ్లతో కడగాలి. మర్నాటికి వాయిదా వేస్తే ఉప్పు గట్టిపడుతుంది. బాడీ ఛాసిస్ మీద కూర్చునే సందులు, స్ప్రింగు ఆకుల మధ్య, ఇంధనపు ట్యాంకు పట్టీల కింద నీళ్లు పోనివ్వండి. ప్రెషరు పైపును సీళ్లకు, గాలి రంధ్రాలకు సూటిగా పెట్టొద్దు. తర్వాత గ్రీసు నిప్పుళ్లన్నిటికీ పాత గ్రీసు బయటికి వచ్చేదాకా కొట్టండి. ముందు చక్రాల దగ్గరి రబ్బరు బూట్లు చీలి ఉంటే లోపలి గ్రీసూ ఇసుకా కలిసి సానరాయి ముద్దవుతుంది. బ్రేకు డ్రమ్ముల్లో చేరిన ఇసుక లైనర్లను రోజుల్లో తినేస్తుంది, ఇసుకలో ఎక్కువగా తిరిగి వస్తే డ్రమ్ము విప్పి చూడాల్సిందే.

వేడెక్కిన హబ్బును సముద్రంలో ముంచితే లోపలి గాలి చప్పున చల్లబడి ముడుచుకుంటుంది, సీలు పక్కనుంచి ఉప్పునీటిని లాగుతుంది. అలా తడిసిందనుకుంటే బేరింగులు విప్పి కడిగి కొత్త గ్రీసు పెట్టండి. డిఫరెన్షియల్ డ్రెయిను బోల్టు కాస్త వదులు చేసి చుక్క చూడండి. ఆయిలు మజ్జిగలా ఉంటే నీళ్లు చేరాయి, మార్చాలి.

ప్రశ్న: మన మిలిటరీ వేలంలో స్టాలియన్ ట్రక్కు కొని సూర్యలంక బీచిలో ఇలా నడపొచ్చా? (బాపట్ల)

బండి విషయంలో అడ్డేమీ లేదు. అశోక్ లేలాండ్ స్టాలియన్, అంతకుముందు జబల్‌పూర్‌లో జర్మనీ మాన్ కంపెనీ లైసెన్సుతో 1959 నుంచి తయారైన శక్తిమాన్, రెండూ ఇసుకలో నడవగలవి. చోటు సంగతి వేరు. స్నానానికి వచ్చే జనం, వలలు ఆరేసే మత్స్యకారులు, శీతాకాలం చివర్లో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఉన్న ఒడ్డు మీద పది టన్నుల లారీ తిప్పమని మేం చెప్పం. తీరంలో ఇసుక దిబ్బలను చెరపడం తీరప్రాంత నియంత్రణ నిబంధనల కింద నిషేధం కూడా. కారుతో సముద్రం పక్కన నడపాలన్న ముచ్చటే అయితే కేరళలో కన్నూరు దగ్గర ముళప్పిలంగాడ్ బీచి ఉంది, అక్కడ ఇసుక గట్టిది, లారీ అక్కర్లేదు.

ప్రశ్న: ఇసుకలో చక్రాల కింద వేసే చిల్లుల ఇనుప పలకలు పాతవి దొరికాయి. పనికొస్తాయా? (షార్లట్, నార్త్ కరొలైనా)

బాగా పనికొస్తాయి. అవి మీ రాష్ట్రంలోనే, మార్స్టన్ అనే ఊరి దగ్గర 1941లో వాడి చూసిన రకం. యుద్ధంలో విమానాలు దిగే దారులు వాటితోనే వేశారు. ఒక్కోటి 10 అడుగుల పొడవు, 15 అంగుళాల వెడల్పు, 66 పౌండ్ల బరువు. 6 టన్నుల బండికి నాలుగు కావాలి. రెండు ముందు చక్రాలకు, రెండు వెనక చక్రాలకు. మూడు చోట్ల జాగ్రత్త. పలకను టైరు కిందికి సగం దూర్చి, అవతలి కొస ఇసుకలో దింపి ఉంచండి, లేకపోతే చక్రం తిరగగానే అది కత్తిలా వెనక్కి ఎగురుతుంది. పలకల వెనక ఎవరినీ నిలబడనివ్వకండి. వంగిన పలక అంచు పక్కగోడను కోస్తుంది, సుత్తితో చదును చేసి, పదును రాకి, అప్పుడు బండిలో వేసుకోండి. ఒక్కోదానికి రెండు మీటర్ల రంగు తాడు కట్టండి. బండి దాటాక పలక ఇసుకలో అడుగు లోతున పాతుకుపోయి ఉంటుంది, తాడు లేకపోతే దాన్ని వెతకడానికి మళ్లీ పారే గతి.